చర్చిలో కచేరీకి వెళ్లొచ్చా? మా తాత దగ్గర దొరికిన జవాబు

 

పోయిన వీడియోలో ధనుర్మాసం గురించి మాట్లాడుకున్నాం. ఈ నెలంతా తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారని, రాత్రి ఏకాంతసేవలో భోగశ్రీనివాసమూర్తి బదులు శ్రీకృష్ణస్వామి పవళిస్తాడని చెప్పాను. ఆ వీడియో చూసి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది:

"అన్నా, నేను బెంగళూరులో జాబ్ చేస్తున్నా. మా టీమ్‌లో ఒకమ్మాయి వాళ్ల చర్చిలో డిసెంబర్‌లో జరిగే మ్యూజిక్ సిరీస్‌కి రమ్మంటోంది. ఒకరోజు వెస్ట్రన్ క్లాసికల్, ఇంకోరోజు జాజ్ అంట. నాకు సంగీతం అంటే ప్రాణం. కానీ ధనుర్మాసంలో చర్చికి వెళ్లానని తెలిస్తే అమ్మ బాధపడుతుందేమో. వెళ్తే తప్పా?"

దానికి రెండు రకాల జవాబులు వచ్చాయి. "అస్సలు వెళ్లొద్దు" అని కొందరు. "మ్యూజిక్‌కి మతం లేదు సిస్టర్, చిల్" అని ఇంకొందరు. రెండూ రెండు సెకన్లలో టైప్ చేసిన జవాబులే. నేను మాత్రం నాలుగు రోజులు ఆలోచించాను. ఎందుకంటే ఇదే ప్రశ్న నాకూ ఎదురైంది. నేను వెళ్లాను కూడా. వెళ్లొచ్చాక నాకు తెలిసిన సంగతి చర్చి గురించి కాదు, మా ఊరి గురించి, మా తాత గురించి. వీడియోలో పది నిమిషాల్లో చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆ శనివారం మధ్యాహ్నం

రెండేళ్ల కిందట ఆఫీసు పని మీద జర్మనీలో కొన్ని నెలలు ఉన్నాను. ఒక శనివారం కొలీగ్ ఒకాయన లైప్‌జిగ్ తీసుకెళ్లాడు. అక్కడ సెయింట్ థామస్ చర్చి ఉంది. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1723 నుంచి 1750లో చనిపోయే వరకు సంగీత బాధ్యతలు చూసిన చర్చి అది. ఆయన సమాధి కూడా ఇప్పుడు అక్కడే ఉంది. ఆ చర్చి పిల్లల గాయక బృందం మొదలైంది 1212లో. అంటే అన్నమయ్య పుట్టడానికి దాదాపు రెండొందల ఏళ్ల ముందు. ఇప్పటికీ శుక్రవారం సాయంత్రం, శనివారం మధ్యాహ్నం అక్కడ పాడతారు.

లోపల కూర్చున్నాను. పాడినదాంట్లో ఒక్క మాట అర్థమైతే ఒట్టు. కానీ రెండు విషయాలు గమనించాను. ఒకటి, ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. రెండోది, పాట అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను కొట్టబోయి, చేతులు మధ్యలో ఆపేసి, చుట్టూ చూశాను. అందరూ ఊరికే కూర్చుని ఉన్నారు. బయటికి వచ్చాక కొలీగ్‌ని అడిగితే ఆయన మామూలుగా చెప్పాడు: "అది మనకోసం పాడింది కాదు కదా."

ఆ మాట విన్నాక నాకు మొదట వచ్చిన ఫీలింగ్ భక్తి కాదు, సిగ్గు. ఒక గంటసేపు కదలకుండా దేవుడి పాట విన్నది నా జీవితంలో అదే మొదటిసారి. నేను పుట్టింది తిరుపతిలో. కోదండరామస్వామి గుడికి నడిచి వెళ్లే దూరంలో మా ఇల్లు. కొండ మీద శ్రీవారి ఆలయం ఎదురుగా నాదనీరాజనం వేదిక ఉంది. రోజూ సాయంత్రం అక్కడ సంగీతం ఉంటుంది. కింద అన్నమాచార్య కళామందిరం ఉంది, మహతి ఆడిటోరియం ఉంది. టికెట్ లేదు, బుకింగ్ లేదు. లోపలికెళ్లి కూర్చోవడమే. నేను ఎప్పుడూ కూర్చోలేదు. వెళ్లినా, రెండు క్లిప్పులు తీసుకుని వచ్చేసేవాణ్ణి. దానికోసం సముద్రాలు దాటి వేరే దేవుడి ఇంటికి వెళ్లాల్సి వచ్చింది.

మా తాత నన్ను ఎన్నిసార్లు పిలిచాడో లెక్కలేదు. ఆయన ఘాట్ రోడ్డు బస్సుల్లో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. సంగీతం నేర్చుకున్నవాడు కాదు. ఏ రాగమో అడిగితే "ఏమో నాయనా, బాగుండాది" అంటాడు. కానీ ఊళ్లో కచేరీ అంటే చాలు, ముందు వరుసలో ఉంటాడు. "రారా, పోదాం, ఊరికేనే కదా" అని పిలిచేవాడు. నాకు ట్యూషన్, ఎంసెట్, ప్రాజెక్టు, క్రికెట్. ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. నేను తిరిగి వచ్చేసరికి తాతకి చెవులు దాదాపు పోయాయి. వయసుతో వచ్చిందే. చెవి మిషన్ పెట్టుకుంటే గోల తప్ప మాట తెలీదంటాడు.

రాగిరేకుల మీద పేరుంది, స్వరం లేదు

కథ అక్కడ ఆపి, ఒక విషయం చెప్తాను. చర్చిలో బాఖ్ అనేసరికి మనకు చాలా దూరం అనిపిస్తుంది. కానీ ఆయన గురించి చదువుతుంటే నాకు అడుగడుగునా అన్నమయ్యే గుర్తొచ్చాడు.

బాఖ్ కొత్తగా ఆ ఊరికి వచ్చిన ఏళ్లలో ఇంచుమించు ప్రతి ఆదివారానికీ ఒక కొత్త కాంటాటా, అంటే ఆరాధనలో పాడే పెద్ద పాట, సిద్ధం చేసేవాడు. అలాంటివి దాదాపు 200 మిగిలాయి. కాగితం మీద మొదట ఏసుని సాయం అడుగుతూ రెండక్షరాలు రాసుకునేవాడు, మనవాళ్లు పైన "శ్రీరామ" అని రాసుకున్నట్టు. చివర మూడక్షరాలు రాసేవాడు. దేవుడికి మాత్రమే కీర్తి అని వాటి అర్థం.

ఇప్పుడు మన తాళ్లపాకకి రండి. 1408లో పుట్టిన అన్నమయ్య 1424లో, పదహారేళ్ల వయసులో సంకీర్తనలు మొదలుపెట్టి, 1503లో స్వామిలో ఐక్యమయ్యే వరకు ఆపలేదు. రోజుకి ఒక్కటికి తక్కువ కాకుండా చెప్పాడని సంప్రదాయం. మొత్తం 32,000 అంటారు. ఇంజినీర్ని కదా, లెక్క వేసి చూశాను. 79 ఏళ్లు, ఏడాదికి 365 రోజులు, దాదాపు 28,800 రోజులు. అంటే రోజుకి ఒకటి, అప్పుడప్పుడూ రెండు. జ్వరం వచ్చిన రోజు, ఇంట్లో గొడవైన రోజు, ఏమీ తోచని రోజు కూడా పాట చెల్లించాల్సిందే. ఇంత చేసి పాట చివర ఆయన పెట్టుకున్న ముద్ర తన పేరు కాదు, వేంకటేశుడి పేరు.

ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు ఆ పాటల్ని రాగిరేకుల మీద చెక్కించాడు. అవి శ్రీవారి ఆలయం లోపలే ఒక చిన్న రాతి అరలో ఉండిపోయాయి. 1920ల ప్రాంతంలో గానీ పండితులు వాటిని బయటికి తీసి చదవడం మొదలుపెట్టలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు ఆ పని మీదే ఏళ్లు గడిపారు. రెండు వేలకు పైగా రేకులు, 12,000 పైచిలుకు పాటలు మనకు దక్కాయి. బాఖ్ సంగీతానికీ ఇలాంటి మరుపే పట్టింది. 1829లో మెండెల్సన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు బెర్లిన్‌లో ఆయన రచన ఒకటి మళ్లీ వినిపిస్తేగానీ లోకం ఆయన్ని మళ్లీ పట్టించుకోలేదు. వాళ్లకి పట్టింది ఎనభై ఏళ్లు. మనకి నాలుగొందల ఏళ్లు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బాఖ్ స్వరాలు కాగితం మీద ఉన్నాయి. మన రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. అన్నమయ్య ఏ బాణీలో పాడాడో ఇప్పుడు మనకు తెలిసే దారి లేదు. మనం వింటున్న బాణీలన్నీ తర్వాతివాళ్లు మళ్లీ కట్టినవి. రాళ్లపల్లివారు కొన్ని కట్టారు. టీటీడీ 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక చాలామంది ఆ పని అందుకున్నారు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారొక్కరే 600కి పైగా సంకీర్తనలకు బాణీలు కట్టారు. ఆయన 2025 మార్చిలో ఈ తిరుపతిలోనే కన్నుమూశారు.

ఒకసారి ఆలోచించండి. నాలుగొందల ఏళ్లు ఆ పాటలు చాలావరకు ఎవరి చెవినా పడలేదు. వ్యూస్ సున్నా. మరి ఆ నాలుగొందల ఏళ్లూ ఆ పాటలు వృథాగా పడి ఉన్నట్టా? గర్భగుడికి పిలిస్తే పలికేంత దగ్గర్లో ఆ అర ఉంది. ఎవరికోసం రాశాడో ఆయన పక్కనే ఉన్నాయి. నా మటుకు నాకు అది వృథా అనిపించదు.

అందుకే "మ్యూజిక్‌కి మతం లేదు" అనే మాటతో నేను పూర్తిగా ఒప్పుకోలేను. ప్రేమతో చెప్పే మాటే, కానీ సగమే నిజం. సంగీతానికి కులం, దేశం అడ్డు కావు, నిజమే. కానీ దేవుడి ముందు పాడే పాటకి ఒక అడ్రస్ ఉంటుంది. నెట్‌వర్క్‌లో ప్యాకెట్‌కి డెస్టినేషన్ ఉన్నట్టు. అది మన చెవుల గుండా వెళ్తుంది కానీ, ఆగేది మన దగ్గర కాదు.

ఫిడేలు ఎక్కడి నుంచి వచ్చింది?

"అన్నా, క్లాసికల్ అంటే ఓకే, జాజ్ ఏంటి, చర్చిలో కూడా జాజా?" అని ఇంకొకరు అడిగారు. అక్కడ కూడా ఈ ప్రశ్న వచ్చింది. 1965లో డ్యూక్ ఎల్లింగ్టన్ అనే గొప్ప జాజ్ విద్వాంసుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథీడ్రల్‌లో భక్తి సంగీత కచేరీ చేశాడు. నైట్‌క్లబ్బుల్లో వాయించే సంగీతం దేవుడి ముందా అని ఆ రోజుల్లో అభ్యంతరం చెప్పినవాళ్లు ఉన్నారు. ఆయన మాత్రం తనకు చేతనైనది అదే, దాన్నే సమర్పిస్తానన్నట్టు, ఆ తర్వాత కూడా అలాంటి కచేరీలు చేస్తూ వచ్చాడు.

ఇంకో కథ వినండి. ఆలిస్ కోల్‌ట్రేన్. అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టింది, చిన్నప్పుడు చర్చిలో వాయించింది, తర్వాత పెద్ద జాజ్ విద్వాంసురాలు అయింది. భర్త జాన్ కోల్‌ట్రేన్ 1967లో చనిపోయాక ఆమె మనసు మన వేదాంతం వైపు తిరిగింది. ఇండియాకి వచ్చింది. తురీయసంగీతానంద అని పేరు పెట్టుకుంది. కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి, మన భజనల్ని అక్కడి నల్లజాతి చర్చిల్లో పాడే పద్ధతి కలిపి పాడించింది. కృష్ణుడి పేరు అది, గొంతు డెట్రాయిట్‌ది. చిన్నప్పుడు నేర్చినదాన్ని పారేయలేదు, అడ్రస్ మార్చింది అంతే.

ఇలాంటి పని మనవాళ్లు అంతకు చాలా ముందే చేశారు. మహతిలో ఏ కచేరీకైనా వెళ్లండి, గాయకుడి పక్కన ఫిడేలు ఉంటుంది. అది యూరప్ నుంచి వచ్చిన వాయిద్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవాళ్ల దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చినవాళ్లలో ముందు నిలిచాడు. ముత్తుస్వామి దీక్షితులవారే స్వయంగా తెల్లవాళ్ల బ్యాండు బాణీలకు సంస్కృతంలో దేవతా స్తుతులు రాశారు. వాటిని నొట్టుస్వరాలు అంటారు. ఇంగ్లండ్ రాజుగారి గీతం బాణీలో సంగీత శ్యామలాదేవి మీద ఒక కీర్తన ఉంది. రాజుకి పాడే బాణీని అమ్మవారికి ఇచ్చేశాడు ఆ మహానుభావుడు.

మన పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయించి, టీనేజ్‌లోనే బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌కి వెళ్లాడు. కద్రి గోపాల్‌నాథ్ గారు మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని, జాజ్‌వాళ్ల చేతుల్లో ఉండే ఆ వాయిద్యాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. కాబట్టి వాయిద్యం ఏదన్నది మన పెద్దలకు ఎప్పుడూ పెద్ద అడ్డు కాలేదు. ఎవరికి ఇస్తున్నాం అన్నదే వాళ్లు చూసుకున్నది.

వర్ధంతి రోజు వీడియో ఎందుకు రాలేదంటే

ఇప్పుడు తాత దగ్గరికి వస్తాను. పోయిన ఫాల్గుణంలో అన్నమయ్య వర్ధంతి వచ్చింది. ఫాల్గుణ బహుళ ద్వాదశి. అలిపిరి పాదాల మండపం దగ్గర మెట్లోత్సవం, సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానం, కళామందిరంలో కచేరీలు, ఊరంతా సందడి. "వీడియో పెడతా" అని మీకు ముందే చెప్పాను, గుర్తుందా? వీడియో రాలేదు. చాలామంది అడిగారు. ఏదో సాకు చెప్పాను. అసలు కారణం ఇప్పుడు చెప్తున్నా.

ట్రైపాడ్, మైకు, పవర్‌బ్యాంక్ అన్నీ సర్దుకుని బయల్దేరుతుంటే తాత చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వినపడని మనిషి కచేరీకి వచ్చి ఏం చేస్తాడు అనుకున్నాను. అయినా బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. ఇద్దరం మూడో వరుసలో కూర్చున్నాం. వేదిక పక్కన స్వామి పటానికి పూలదండ, దీపం. పాట మొదలైంది. నేను ఫ్రేమ్ సెట్ చేసుకుంటున్నా. తాత నా మోచేయి తట్టాడు.

"ఏం పాటరా?"

చెవిలో చెప్పాను. వినపడలేదు. గట్టిగా చెప్తే పక్కవాళ్లు తిరిగి చూశారు. దాంతో ట్రైపాడ్ మీద నుంచి ఫోన్ తీసి, పాట పేరు పెద్ద అక్షరాలతో టైప్ చేసి చూపించాను. తాత చదువుకున్నాడు. ముఖం వెలిగింది. ఆ పాట ఆయనకి పూర్తిగా నోటికొచ్చు. కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. ఆయన తాళానికీ వేదిక మీది తాళానికీ పొంతనే లేదు. ఆయన రెండో చరణంలో ఉంటే వాళ్లు ఇంకా పల్లవి దగ్గరే ఉన్నారు. కానీ ఆయన ముందే అయిపోగొట్టుకుని లేవలేదు, అసహనపడలేదు. చేతులు జోడించి కూర్చున్నాడు. మళ్లీ పాట మారగానే మోచేయి తట్టాడు. మళ్లీ టైప్ చేశాను. ఆ సాయంత్రం మొత్తం నా ఫోన్ చేసిన పని అదొక్కటే. రికార్డింగ్ లేదు. కానీ ప్రతి పాట పేరు ఆయనకి చెప్పాలి కాబట్టి, ప్రతి పాటా మొదటి మాట నుంచి నేను వినాల్సి వచ్చింది. నా ఊళ్లో, నా స్వామి పాటని, మొదటిసారి పూర్తిగా విన్నాను.

ఇంటికొచ్చాక, కాగితం మీద రాసి అడిగేశాను. "వినపడదు కదా తాతా, ఎందుకు వస్తావ్?"

ఆయన చదివి, నా వైపు విచిత్రంగా చూశాడు. "నాకోసరం పాడతాండారా యాడన్నా? సామికి పాడతాండారు. ఆయన్ని ఒక్కణ్ణే కూర్చోబెడితే బాగుంటాదా? పక్కన మనం గూడా కూర్చోవాల."

లైప్‌జిగ్‌లో ఆ కొలీగ్ చెప్పిన మాట, బస్సు కండక్టర్ అయిన మా తాత చెప్పిన మాట ఒకటే. కానీ కొలీగ్ అక్కడ ఆగిపోయాడు. తాత ఇంకో అడుగు వేశాడు. మనకోసం పాడింది కాదు కాబట్టి మనం అనవసరం అని కాదు. స్వామి వింటున్నప్పుడు పక్కన కూర్చోవడమే మన సేవ.

వినడం మొదటిది

భాగవతంలో ప్రహ్లాదుడు తొమ్మిది రకాల భక్తి చెప్పాడు. మొదటిది ఏంటో తెలుసు కదా? శ్రవణం. కీర్తనం రెండోది. పాడటం కంటే ముందు వినడాన్ని పెట్టాడు. ఆ శ్రవణ భక్తికి మన పెద్దలు చూపించే ఉదాహరణ పరీక్షిత్తు మహారాజు. ఏడు రోజుల్లో చనిపోతావని తెలిసినప్పుడు ఆయన రాజ్యం వదిలేసి, గంగ ఒడ్డున కూర్చుని విన్నాడు. శుకమహర్షి చెప్తూనే ఉన్నాడు, ఈయన వింటూనే ఉన్నాడు. మనకి ఏడు రోజులే ఉన్నాయని తెలిస్తే మనం ఏం చేస్తామో నాకు తెలీదు. నేనైతే బహుశా స్టోరీ పెడతాను.

నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. మన తరం వినడం మర్చిపోయింది. మనం పాటని స్కిప్ చేస్తాం, స్పీడ్ పెంచుతాం, సేవ్ చేసి ఎప్పుడూ తెరవం. భక్తి ఛానల్ నడిపే నాకే ఈ జబ్బు ఉంది. స్వామికీ నాకూ మధ్య ఐదున్నర అంగుళాల స్క్రీన్ పెట్టుకుని, అందులోంచి ఆయన్ని చూస్తున్నా.

త్యాగరాజస్వామి తిరుమల వచ్చినప్పుడు స్వామి ముందు తెర వేసి ఉందని, ఆయన పాడితే ఆ తెర తొలగిందని మనవాళ్లు చెప్పుకుంటారు. "తెర తీయగరాదా" అనే కీర్తన అది. కానీ ఆ కీర్తన అర్థం చూడండి. గుడిలో వేలాడే గుడ్డ తెర గురించి ఆయన మొరపెట్టుకోలేదు. తన లోపలి గర్వం, అసూయ అనే తెరని తీయమన్నాడు. ఆ తెర ఉన్నంతసేపు, ఎదురుగా నిలబడినా దర్శనం కాదు. నా తెర ఏంటో నాకు ఆ ఫాల్గుణంలో తెలిసింది.

ఇంకొకటి. శ్రీవారి రోజు ఎలా ముగుస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? వేలాది మంది దర్శనం అయిపోయాక, రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలిపాట. తర్వాత తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాలహారతి. మన తరిగొండలో 1730లో పుట్టి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, లోకం పెట్టిన ఆంక్షల్ని లెక్కచేయక కొండెక్కిన తల్లి ఆమె. 1817లో ఆమె వెళ్లిపోయింది. ఆమె హారతి ఇప్పటికీ ప్రతి రాత్రీ ఆగలేదు. ఆ టైంలో అక్కడ జనం ఉండరు. చప్పట్లు ఉండవు. వినేది ఆయన ఒక్కడే. లోకంలో ఇంతకంటే గొప్ప కచేరీ ఉందా చెప్పండి.

చెల్లెమ్మా, ఇదీ నా జవాబు

వెళ్లు. పాట వింటే మతం మారదు. కానీ హాలుకి వెళ్లినట్టు వెళ్లకు, ఒకరి దేవుడి ఇంటికి వెళ్లినట్టు వెళ్లు. మన గుడికి ఇతర మతంవాళ్లు వస్తే మనం ఏ మర్యాద ఆశిస్తామో ఆ మర్యాద ఇవ్వు. ఫోన్ సైలెంట్‌లో పెట్టు. అది కచేరీ కాకుండా ఆరాధన అయి, చివర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే కార్యక్రమం ఉంటే, అది వాళ్ల విశ్వాసానికి సంబంధించినది, నీ చోట నువ్వు నిశ్శబ్దంగా కూర్చో. వాళ్లు ఏమీ అనుకోరు. అమ్మకి చెప్పకుండా మాత్రం వెళ్లొద్దు. దాచిపెట్టి చేసే పనిలో మనసు నిలవదు, సంగీతం ఏం వింటావు? "అమ్మా, వాళ్లు దేవుడికి పాడుతున్నారు, ఎలా పాడతారో విని వస్తా" అని చెప్పు. కోప్పడితే కోప్పడనీ, ఆ కోపం కూడా విను.

కానీ ఒక షరతు. వెళ్లిన రోజుకి బదులుగా మన దగ్గర కూడా ఒక రోజు కూర్చో. నువ్వు బెంగళూరులో ఉన్నా చెన్నైలో ఉన్నా డిసెంబర్ అంటే సంగీతం సీజనే. చెన్నైలో ఎన్నో సభల్లో పొద్దున కచేరీలు ఉచితంగానే ఉంటాయి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, ఆ అమావాస్యకి పురందరదాసు ఆరాధన. వైశాఖంలో నృసింహ జయంతి నాడు వెంగమాంబ జయంతి, మర్నాడు పౌర్ణమికి అన్నమయ్య జయంతి. తిరుపతి వస్తే నాదనీరాజనం, కళామందిరం ఎలాగూ ఉన్నాయి. 2009లో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్షమందికి పైగా ఒకేసారి అన్నమయ్య పాటలు పాడారు. ఆ కార్యక్రమం తలపెట్టింది అమెరికాలో ఉన్న మన సిలికానాంధ్రవాళ్లు. దూరం సాకు కాదని చెప్పడానికే ఇది.

మిగతా అందరికీ ఈ నెల ఒక్క పని. ఒక కచేరీ, లేదా ఇంటి పక్క గుడిలో ఒక భజన. ఫోన్ జేబులోనే ఉండాలి. మొదటి పాట నుంచి మంగళం వరకు లేవకూడదు. రాగం తెలీకపోయినా పర్లేదు, మా తాతకీ తెలీదు. బోర్ కొడితే కొట్టనీ. స్వామి పక్కన కూర్చున్నా అని ఒక్కసారి అనుకోండి చాలు. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లండి. వాళ్లు పిలిచినప్పుడు మనం వెళ్లలేదు. వాళ్ల చెవులు, మోకాళ్లు మనకోసం ఆగవు.

రాబోయే అన్నమయ్య వర్ధంతికి కూడా వీడియో రాకపోవచ్చు. ముందే చెప్తున్నా. ఆ సాయంత్రం నాకు మూడో వరుసలో పని ఉంది. పాట పేర్లు టైప్ చేయాలి.

గోవిందా, గోవింద!